విడిపించుకొన్న జలపాతము

అమెరికాలో ఉద్యోగములు చేయుచున్న బిడ్డలను చూచి వచ్చుటకు మన జిల్లాల నుండి పోవు తల్లిదండ్రులు తిరిగి వచ్చిన పిదప చూపు ఛాయాచిత్రములలో నయాగరా లేకుండుట అరుదు. నీలిరంగు పలుచని వానకోటు చీరమీదనే తొడుగుకొని, పడవ కమ్మి పట్టుకొని, తుంపరలకు కన్నులు చికిలించుచు నిలిచిన ఆ చిత్రమును మనమందరము ఏదో ఒక యింట చూచియే యుందుము. ఆ పడవకు టిక్కెట్టు కలదు. కారు నిలుపుటకు రుసుము కలదు. కాని జలపాతమును చూచుటకు మాత్రము రుసుము లేదు. పగలైనను రాత్రియైనను, సంవత్సరములో ఏ దినముననైనను, అచ్చట ప్రవేశమునకై చేయి చాచువారు లేరు. చూచి వచ్చినవారు ఈ సంగతిని విశేషముగా చెప్పరు. ప్రకృతి యిచ్చినదానికి పైకమేమిటని అనుకొందురు. కాని అది అట్లు ఊరక లభించినది కాదు. న్యూయార్కు రాష్ట్రము 1885లో పధ్నాలుగు లక్షల డాలర్లకు మించి చెల్లించి ఆ ఉచితమును కొన్నది. ఆ కొనుగోలును గూర్చియు, దాని తరువాత జరిగిన మరికొన్ని బేరములను గూర్చియు నేడు మనము ముచ్చటించుకొందము.

నయాగరా యనునది ముందుగా ఒక నది, తరువాతనే జలపాతము. ఈరీ సరస్సున బయలుదేరి ఒంటేరియో సరస్సున కలియు ఈ నది పొడవు 36 మైళ్లు మాత్రమే. మన పెన్న, నాగావళి దీనికంటె ఎన్నో రెట్లు పొడవైనవి. అయితే ఈ స్వల్పదూరములోనే అది 326 అడుగులు దిగును. అందులో ఇంచుమించు సగము ఒక్క దూకున దిగును. ఒక గట్టు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూయార్కు. రెండవ గట్టు కెనడాలోని ఒంటేరియో. అంచు చేరకముందే గోట్ ఐలెండు, అనగా మేకలదీవి, నదిని రెండు పాయలుగా చీల్చును. కెనడా వైపు పాయ గుఱ్ఱపు లాడమువలె వంగిన అంచు మీదుగా పడును. నీటిలో పదింట తొమ్మిది పాళ్లు దానివే. అమెరికా వైపు పాయ నిలువుగా పడి, క్రింద పేరుకొన్న బండల గుట్టపై పగిలిపోవును. దాని ప్రక్కనే పెండ్లికూతురి మేలిముసుగు అను పేర ఒక సన్నని ధార మూడవది.

మన శ్రోతలకు నదిని క్యూసెక్కులలో చెప్పినచో సుబోధకముగా నుండును. నయాగరాలో సహజముగా పారు నీరు సగటున 2 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరము వద్ద గోదావరి 10 లక్షలు చేరిననే కాని మొదటి ప్రమాద హెచ్చరిక చేయరు; 1986 ఆగస్టు వరదలో అది 35 లక్షలు దాటినది. ఆ లెక్కను చూచి గోదావరి గట్టున పుట్టినవారు "ఇంతేనా!" యని పెదవి విరిచిన తప్పు పట్టలేము. కాని అదే గోదావరిలో మే మాసమున ఇసుకతిన్నెల మీద నడచిపోవచ్చును. నయాగరాకు వేసవి లేదు. ఎగువను సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ అను నాలుగు మహా సరస్సులు గొలుసుకట్టు చెరువులవలె నిలిచి, వాననీటిని, మంచునీటిని తమలో నింపుకొని, నదికి ఏడాది పొడవున ఇంచుమించు ఒకే తీరుగ వదలుచుండును. ఎండని, పొంగని నీరు, అందులోను అంత ఎత్తు నుండి దూకు నీరు! కవి దీనిని చూచి ఏమనుకొనునో మనము చెప్పజాలము గాని, మరయజమాని ఏమనుకొనునో చెప్పవచ్చును.

ఆ నీరు ఒకే ఒకసారి దానంతటది ఆగినది. 1848 మార్చి మాసాంతమున ఈరీ సరస్సులోని మంచుగడ్డలు గాలికి కొట్టుకొనివచ్చి నది మొదటనే అడ్డుపడగా, జలపాతము ఒక దినమునకు మించి దాదాపు మూగవోయినది. తీరవాసులు నిద్ర లేచినది శబ్దము విని కాదు, శబ్దము లేక. సాహసికులు నదీగర్భములోనికి దిగి నడచిరి. భీరువులు ప్రళయము వచ్చినదని దేవాలయములకు పరుగెత్తిరి. అడ్డు తొలగి నీరు తిరిగి వచ్చినపుడు అందరును ఊపిరి పీల్చుకొనిరి.

ఈ తీరమున ఆదినుండి నివసించినవారు ఇరోక్వా మొదలగు ఆదిమజాతులు. నయాగరా యను పేరును వారి భాషనుండి వచ్చినదే. ఐరోపావారికి దీనిని వర్ణించి చెప్పిన మొదటివారిలో లూయీ హెనపిన్ అను మతగురువు ముఖ్యుడు. అతడు 1678లో దీనిని చూచి, 600 అడుగుల ఎత్తుగలదని వ్రాసెను. వాస్తవమునకు మూడు రెట్లకు పైగా పెంచినాడు. మొదటిసారి చూచినవానికి ఆ మాత్రము భ్రమ కలుగుట వింత కాదు. ఆ వర్ణనలు చదివి జనము రాసాగిరి. జనము వెంట వర్తకులు వచ్చిరి.

1805లో న్యూయార్కు రాష్ట్రము జలపాతమునకు ఆనుకొనియున్న తీరభూములను బహిరంగముగా అమ్మినది. పోర్టరు సోదరులును, వారి భాగస్వాములును కొనిరి. ఆనాడు అది అక్రమమని ఎవరికిని తోచలేదు. క్రొత్త దేశము, నేలను అమ్మి సొమ్ము చేసికొనుట, జనమును నిలుపుట ప్రభుత్వములకు వాడుక. పోర్టరు సోదరులలో అగస్టస్ 1816లో మేకలదీవిని కూడ సంపాదించెను. ఈ దీవి పేరునకొక కథ కలదు: పూర్వశతాబ్దములో ఒక రైతు తన మేకలను అచ్చట విడువగా, ఒక చలికాలమునకు అన్నియు చచ్చి ఒక్క మేక మాత్రము మిగిలినదట. ఆ యొక్క మేక వలన దీవికి పేరు మిగిలినది. పోర్టరు కుటుంబము వలన దీవిలోని అడవి మిగిలినది. వారు లాభాపేక్ష లేనివారేమియు కారు. దీవికి వంతెన కట్టి సుంకము వసూలు చేసిరి. కాని చెట్లు కొట్టనీయలేదు, ఇండ్లు కట్టనీయలేదు. తరువాతి కథకంతకును ఆ ఆకుపచ్చని ముక్కయే ఆధారమైనది.

తీరము మీద మాత్రము అన్యథా జరిగినది. పిండిమరలు, కాగితపు మరలు లేచినవి. కాలువలు త్రవ్వి నీటిని మరలించుకొనిరి. మిగిలిన జాగాలో హోటళ్లు, వింతవస్తువుల దుకాణములు, గుఱ్ఱపుబండ్ల వాండ్ర కేకలు. జనమును ఆకర్షించుటకై అక్కడి హోటలుదారులు 1827 సెప్టెంబరులో చేసిన పని యొకటి చెప్పుకొనదగినది. పాత ఓడ నొకదానిని కొని, అందు దున్నపోతును, ఎలుగుబంట్లను, మరికొన్ని జంతువులను ఎక్కించి, లాడపు జలపాతము మీదుగా వదలిరి. వేలకొలది జనము చూడవచ్చిరి. ఎలుగుబంట్లు మధ్యలోనే దూకి దీవికి ఈదుకొనిపోయినవట. దిగువన ప్రాణముతో తేలినది ఒక బాతు మాత్రమేనని చెప్పుదురు. 1859లో బ్లాండిన్ అను ఫ్రెంచి దొమ్మరి లోయ కడ్డముగా త్రాడు కట్టి దాని మీద నడచెను. 1901లో ఆనీ టేలర్ అను ఉపాధ్యాయిని తన 63వ జన్మదినమున పీపాలో దూరి జలపాతము మీదుగా దిగి బ్రతికి బయటపడినది. ఆమె ఆశించిన ధనము మాత్రము రాలేదు. ఈ గారడీల కథలు ఎన్నియో కలవు. వానితో మనకు పని లేదు. జలపాతము చాలక, దాని ముందు మరొకటి చూపి డబ్బు దండుకొనవలసి వచ్చెనను మాట ఒక్కటి గుర్తుంచుకొన్న చాలును.

1860 ప్రాంతమునకు పరిస్థితి ఎంతవరకు వచ్చినదనగా, అమెరికా వైపున పైకము చెల్లింపక జలపాతమును చూడదగిన చోటు మిగులలేదు. స్వంతదారులు అడ్డముగా కంచెలు, గోడలు నిలిపిరి. ఒక చోట చూచుటకొక రుసుము, మెట్లు దిగుటకొక రుసుము, వంతెన దాటుటకొక రుసుము. బండివాడు హోటలువానితో, హోటలువాడు దుకాణదారుతో వాటాలు పంచుకొనెడివాడు. దూరము నుండి జీవితములో ఒక్కమారు వచ్చినవాడు విసిగి, వచ్చిన రైలుననే పోయెడివాడు.

ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్ ఇచ్చట ప్రవేశించును. న్యూయార్కు నగరమధ్యమున సెంట్రల్ పార్కును కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి రూపొందించినవాడు ఇతడే. 1864లో యోసెమిటీ లోయను ప్రజల విహారమునకై కాలిఫోర్నియా రాష్ట్రమునకు ఒప్పగించినపుడు దాని సంరక్షకులలో ప్రముఖుడుగా పనిచేసినవాడును ఇతడే. 1869లో ఇతడు కొందరు మిత్రులతో నయాగరాకు వచ్చి, తీరమును తిరిగి కొనవలెనను ఆలోచన చేసెను. చిత్రకారుడు ఫ్రెడరిక్ చర్చి 1857లో వ్రాసిన నయాగరా చిత్రము అప్పటికే ప్రఖ్యాతమైయుండెను. అతడును ఈ యత్నమునకు తోడైనాడు. 1879లో ఓల్మ్‌స్టెడ్, జేమ్స్ గార్డ్‌నర్ కలసి రాష్ట్రమునకు నివేదిక నిచ్చిరి. దానివెంట పంపిన విజ్ఞాపనము మీద ఎమర్సన్, లాంగ్‌ఫెలో వంటి అమెరికనులే కాక సముద్రముల కవతలి కార్లయిల్, రస్కిన్ కూడ చేవ్రాలు చేసిరి. చేవ్రాళ్లకు గవర్నరు కరగలేదు. రాష్ట్రపు సొమ్ముతో దృశ్యము కొనుట యేమిటి, రైతు కట్టిన పన్ను విహారులపాలు చేయుట యేమిటియని వాదించినవారు పలువురు. ఆ వాదము కొట్టివేయదగినది కాదు. నేటికిని పార్కుల పద్దు చర్చకు వచ్చినపుడెల్ల ఏ శాసనసభలోనైనను వినబడునదే.

1883లో గవర్నరు గ్రోవర్ క్లీవ్‌లాండు, తరువాత దేశాధ్యక్షుడైనవాడు, భూములను ఎంపిక చేయుటకు అనుమతించు చట్టముపై సంతకము చేసెను. పిమ్మట వెలకట్టుటలో చిక్కు వచ్చినది. స్వంతదారులు నేలకే కాక, దాని ముందు పారు నీటి శక్తికిని వెల కోరిరి. నీటి శక్తి గట్టువాని సొత్తు కాదని తేల్చి, నేలకును కట్టడములకును మాత్రమే ధర నిర్ణయించిరి. ఈ నిర్ణయము లేనిచో మొత్తము ఎన్నో రెట్లు పెరిగి, బేరము అంతటితో ఆగియుండెడిది. 412 ఎకరములకు నిర్ణయించిన వెల 14,33,429 డాలర్ల 50 సెంట్లు. ఆ ఎకరములలో సుమారు 300 నీటి క్రిందనే యున్నవి! 1885 ఏప్రిలు 30వ తేదీన గవర్నరు డేవిడ్ హిల్ పైకము మంజూరు చేయు చట్టముపై సంతకము చేసెను. జూలై 15వ తేదీన తీరము ప్రజలదైనది. అమెరికాలోని రాష్ట్ర పార్కులలో ఇదియే మిక్కిలి పాతదని వారు చెప్పుకొందురు. ఎదుటి గట్టున కెనడావారు మూడేండ్లకు, 1888లో, తమ పార్కును తెరచిరి.

కొన్న పిదప చేసిన మొదటి పని కట్టుట కాదు, పడగొట్టుట. మరలు, కంచెలు, దుకాణములు, శతాధికమైన కట్టడములు తొలగింపబడినవి. ఓల్మ్‌స్టెడ్, వాక్స్ 1887లో ఇచ్చిన ప్రణాళికను చూచినచో అందు 'వలదు' అనునవే యెక్కువ. విగ్రహములు వలదు. పూలపాన్పులు వలదు. దీవిలో భోజనశాల వలదు. తినువారు తెచ్చుకొని తినవచ్చును. బాటలు అవసరమైనంత వెడల్పు, కూర్చుండుటకు బల్లలు, జారకుండ కమ్ములు, ఇంతే. మనము పార్కును ఉద్యానవనమని అనువదింతుము. ఆ మాట వినగనే కత్తిరించిన మొక్కలు, చిమ్మనగ్రోవి, రంగుదీపములు మనస్సునకు వచ్చును. ఓల్మ్‌స్టెడ్ ఉద్దేశించినది దానికి సరిగా విరుద్ధము. మేకలదీవిలోని తడి నేల, తుంపరలకు పెరిగిన నాచు, శీతకాలమున మంచు బరువునకు వంగిన కొమ్మలు, జలపాతము కంటె ముందుగా ఇవి చూపరుని మనస్సును సిద్ధము చేయవలెనని అతని తలంపు. అందుకే ఆ స్థలమునకు మొదట పెట్టిన పేరును రక్షితభూమి యను అర్థము నిచ్చునదే.

ఇంతవరకు కథ చక్కగానే నడచినది. కాని గట్టు ప్రజలదైన తరువాత నీటి సంగతి మిగిలియున్నది.

1895లో నయాగరా వద్ద ఏకాంతర విద్యుత్తు భారీయెత్తున ఉత్పత్తి యగుట మొదలైనది; 1896 నవంబరులో అది ఇరువది మైళ్లకు పైగా దూరమున నున్న బఫెలో నగరమునకు చేరినది. టెస్లా కనిపెట్టిన పద్ధతి, వెస్టింగ్‌హౌస్ యంత్రములు. ప్రపంచమునకు అది శుభదినమే. నేడు మన యింట వెలుగు దీపమునకును ఆ పద్ధతియే మూలము. కాని విద్యుత్తు కావలసిన కొలదియు నీరు సొరంగముల పాలగును. జలపాతమున పడునది తగ్గును. నీటినంతను మరలించినచో ఎంత శక్తి వచ్చునోయని లెక్క వేసినవారును లేకపోలేదు. చవకైన విద్యుత్తును వెదకుకొనుచు రసాయన కర్మాగారములు ఆ నగరమున వెలసినవి. అందొకటి పూడ్చిన విషపదార్థముల వలన లవ్ కెనాల్ అను పేటలో 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటింపవలసి వచ్చెను. పార్కునకు కొలది మైళ్ల దూరముననే ఇదియు జరిగినది.

నీటిని గూర్చిన బేరము 1950లో రెండు దేశముల సంధిగా కుదిరినది. దాని నిబంధన సూటిగా నున్నది. ఏప్రిలు 1 నుండి సెప్టెంబరు 15 వరకు ఉదయము 8 గంటల నుండి రాత్రి 10 గంటల వరకును, అటు తరువాత అక్టోబరు ఆఖరు వరకు ఉదయము 8 నుండి రాత్రి 8 వరకును, జలపాతము మీదుగా 1 లక్ష క్యూసెక్కులకు తగ్గకుండ నీరు పోవలెను. తక్కిన వేళలందు, చలికాలమంతయు, 50 వేలు చాలును. మిగిలినది ఇరుదేశముల విద్యుత్కేంద్రములది. ఎగువను నదిలో గేట్లు కట్టి ఈ లెక్కను నేటికిని పాటించుచున్నారు. అనగా మనవారు ఛాయాచిత్రమున చూపునది సగము నయాగరా. రాత్రి పది దాటిన పిదప పడునది పావు నయాగరా.

ఈ సంగతి విన్నవారిలో కొందరు మోసపోయినట్లు భావింతురు. మాకట్లు తోచదు. ఏ గంటకు ఎంత నీరో కాగితము మీద వ్రాసికొని, ఆ మాటను ఏడు దశాబ్దములకు పైగా పాటించుచున్న బేరమును మోసమనుట తగదు. పైగా నీరు తగ్గుటవలన అంచు కోసికొనిపోవుటయు తగ్గినది. పైన గట్టిరాయి, క్రింద మెత్తని పలకరాయి. క్రిందిది కరగి పోగా పైది విరిగి పడును. ఈ తీరున జలపాతము 12,000 సంవత్సరములలో ఏడు మైళ్లు వెనుకకు జరిగినది. ఏటికి మూడు నాలుగు అడుగులు జరుగుచుండినది ఇప్పుడు ఒక అడుగునకు మించుట లేదందురు.

మోసమనదగినది వేరొక చోట జరిగినది. సంధి ననుసరించి క్రొత్త విద్యుత్కేంద్రము కట్టుటకై, రాత్రి మరలించిన నీటిని పగటికి నిలువచేయు జలాశయము కావలసివచ్చెను. దానికై న్యూయార్కు విద్యుత్ సంస్థ టస్కరోరా ఆదిమజాతివారి భూమిని కోరినది. వారు పైకము వలదు, నేలయే కావలెననిరి. కొలతలు వేయవచ్చినవారికి అడ్డుగా నిలిచిరి. వ్యాజ్యము సుప్రీం కోర్టునకు పోయినది. 1960లో తీర్పు వారికి వ్యతిరేకముగా వచ్చినది. భిన్నాభిప్రాయము వ్రాసిన న్యాయమూర్తి హ్యూగో బ్లాక్, ఆదిమజాతులకిచ్చిన మాటను దేశము నిలుపుకొనవలసినదని వాదించెను. సుమారు 550 ఎకరములు నీట మునిగినవి. 1961లో కేంద్రము పనిచేయ నారంభించినది. 1885లో గట్టు స్వంతదారులు వెల చాలదని పేచీ పెట్టిరి, అయినను పైకము పుచ్చుకొని లేచిపోయిరి. వారికి ముందు ఆ గట్టు ఎవరిదని ఆనాడు వెలకట్టినవారు అడుగలేదు. ఈనాడు టస్కరోరావారు 'ఇవ్వము' అన్నను వినలేదు. ఇరుపక్కల పార్కుల అందమును మెచ్చుకొనువారు ఈ జలాశయమును కూడ లెక్కలో చేర్చుకొనవలసినదే.

1969లో మరొక పరీక్ష వచ్చినది. అమెరికా జలపాతము క్రింద 1931లోను, 1954లోను విరిగిపడిన బండలు పేరుకొని, దూకునట్టి ఎత్తును సగము మింగివేసినవి. వానిని ఎత్తివేసినచో ధార అందముగా పడునని పలువురు కోరిరి. సైనిక ఇంజనీర్లు జూను మాసమున ఎగువను మట్టికట్ట వేసి ఆ పాయను పూర్తిగా ఆపిరి. 1848లో మంచు చేసినదానిని ఈసారి మనుష్యులు చేసిరి. నీరు లేని జలపాతమును చూచుటకు జనము తండోపతండములుగా వచ్చిరి! నదీగర్భమున తరతరముల యాత్రికులు విసరిన నాణెములు బయటపడినవి. నవంబరులో కట్ట తీసివేసిరి. సంవత్సరముల తరబడి ఆలోచించి, ఇరుదేశముల నిపుణులు చివరకు బండలను కదపరాదనిరి. కొండ విరుగుట జలపాతపు స్వభావము. దానిని దిద్ది అలంకరించినచో అది కృత్రిమ జలపాతమగునని వారి భావము. ఓల్మ్‌స్టెడ్ మరణించి అప్పటికి అరువది యేండ్లు దాటినది గాని, మాట అతనిదే.

అతని మాట అన్నిట చెల్లినదని అనలేము. దీవిలో నేడు భోజనశాల కలదు. కార్లు నిలుపు విశాలమైన ఆవరణలు కలవు. గట్టు నుండి లోయమీదికి పొడుచుకొనివచ్చిన వీక్షణగోపురము కలదు. 1960 దశకమున నదియొడ్డునే వేగమార్గము వేసి ఊరికిని నీటికిని నడుమ అడ్డుగోడ కట్టినట్లు చేసిరి. ఇటీవలి సంవత్సరములలో దానిని చాలవరకు తొలగించి నడకబాటలు వేసిరి. ఏటా ఎనుబది లక్షలకు పైగా జనము వచ్చు చోట ఇవేవియు లేకుండుట ఎట్లుయని అడుగవచ్చును. అయినను మనవారు వెళ్లినపుడు గోపురము వద్దనే ఆగిపోక, మేకలదీవి వెనుక ముగ్గురు అక్కచెల్లెండ్రని పిలువబడు చిన్న లంకల వరకు నడచి చూడవలెనని మా కోరిక. అచ్చట టిక్కెట్లు లేవు, గుంపులు ఉండవు. జలపాతము కనబడదు. దానివైపు పరుగిడు నీరు మోకాలి యెత్తున, బల్లల ప్రక్కనే, చెట్లవేళ్లను తాకుచు పోవుచుండును.

శక్తి గలవారు మేలిముసుగు ధార అడుగునకు కూడ పోవచ్చును. దానికి టిక్కెట్టు కలదు, వానకోటు వారే యిత్తురు. పూర్వము అచ్చట ధార వెనుక ఒక గుహ యుండెడిది. 1954లో రాళ్లు విరిగిపడిన తరువాత ప్రమాదమని దానిని కూల్చివేసిరి. ఇప్పుడు బండల మీదుగా ఎఱ్ఱని కొయ్య మెట్లు, వంతెనలు కలవు. ధారకు 20 అడుగుల దూరము వరకు పోవచ్చును. చలికాలపు మంచుగడ్డలకు ఆ కొయ్యలు ఆగవు. కావున ప్రతి సంవత్సరము శిశిరమునకు ముందు వానిని ఊడదీసి, వసంతమున మరల మొదటి మెట్టు నుండి కట్టుచుందురు.